తుమ్ముల మందే కదా అని పోసేస్తున్నారా?

మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలోనో, టీవీ పక్కనో, అద్దం ముందున్న బల్ల మీదో సగం వాడిన సిరప్ సీసా ఒకటి ఉండే ఉంటుంది. మూత చుట్టూ మందు పాకంలా గడ్డకట్టి, లేబుల్ మీద కారి అక్షరాలు మసకబారి ఉంటాయి. ఎప్పుడు కొన్నామో, ఎవరి కోసం కొన్నామో గుర్తుండదు. ‘తుమ్ముల మందు’ అనో ‘ఎర్ర సిరప్’ అనో మనం పెట్టుకున్న పేరు మాత్రం గుర్తుంటుంది. పిల్లాడు నాలుగు తుమ్ములు తుమ్మితే చాలు, చెయ్యి దాని మీదికే పోతుంది. నా చెయ్యి కూడా అలాగే పోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, మీలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. మిర్చి, పత్తి, వరి పండించే మండలం. సంక్రాంతి దాటిందంటే మా వైపు ఎటు చూసినా మిర్చి కల్లాలే. ఎర్రగా ఆరబోసిన కాయలు, పక్కనే కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు, ఖమ్మం మార్కెట్‌కు బయల్దేరే బస్తాల ట్రాక్టర్లు. ఆ నెల రోజులూ గాలిలోనే ఘాటు ఉంటుంది. మేమంతా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అలవాటు పడ్డవాళ్ళం. రెండేళ్ళ కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెద్దమ్మాయి రెండున్నరేళ్ళ కొడుకును తీసుకుని పుట్టింటికి వచ్చింది. నలభై అయిదేళ్ళకే అమ్మమ్మనయ్యానని మురిసిపోతున్న రోజులు అవి.

వచ్చిన రెండో రోజుకే వాడికి తుమ్ములు మొదలయ్యాయి. ముక్కు నీళ్ళలా కారడం, కళ్ళు ఎర్రబడడం. జ్వరం లేదు. మధ్యాహ్నం నేను మందుల షాపుకు వెళ్ళి, ‘‘పిల్లోడికి తుమ్ములు, ఏదన్నా సిరప్ ఇవ్వు నాయనా’’ అన్నాను. వయసు ఎంత అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికి వచ్చి పాయసం చెంచాతో ఒక చెంచా నిండా పోశాను. గంటలో పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. చూశావా, ఎంత బాగా పనిచేసిందో అని నాలో నేనే అనుకున్నాను.

సాయంత్రం నేను పాలు పోయించుకోవడానికి వెళ్ళాను. పిల్లాడు లేచి మళ్ళీ తుమ్ముతుంటే మా అమ్మాయి తన సంచిలోంచి జలుబు సిరప్ తీసి పోసింది. అది వాళ్ళ అత్తగారింట్లో అంతకుముందు పిల్లాడికి జలుబు చేసినప్పుడు కొన్నది. నేను మధ్యాహ్నం పోశానని దానికి తెలియదు. అది సాయంత్రం పోసిందని నాకు తెలియదు. రాత్రి పడుకునే ముందు, తెల్లవార్లూ తుమ్మకుండా ఉంటాడని నేను ఇంకో చెంచా పోశాను.

తొమ్మిదింటికి పాలు తాగిద్దామని లేపితే వాడు లేవలేదు. చెంపలు తట్టాం. తడిగుడ్డతో ముఖం తుడిచాం. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేశాడు. ఒళ్ళు వెచ్చగా, ముఖం ఎర్రగా ఉంది. నోరు ఎండిపోయి పెదాలు అతుక్కుపోయాయి. మెడ నిలపలేకపోతున్నాడు. మా ఆయన పక్కింటివాళ్ళ కారు తెచ్చారు. ఖమ్మం చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి మాత్రం మధ్యలో ఒకే ఒక్క మాట అడిగింది. ‘‘అమ్మా, నువ్వు గానీ ఏమన్నా పోసినవా?’’ నేను పోశానని చెప్పాను. ‘‘నేనూ పోసిన్నమ్మా’’ అంది. ఆ మాటతో నా కాళ్ళలో సత్తువ పోయింది.

ఎందుకో గానీ బయల్దేరేటప్పుడు మా అమ్మాయి రెండు సీసాలూ సంచిలో వేసుకుంది. ఆ రోజు మేం చేసిన ఒకే ఒక్క మంచి పని అది. పిల్లల డాక్టరు గారు ముందు సీసాలు అడిగారు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, చిన్న అక్షరాలు చదివి, ‘‘రెండింటిలోనూ ఉన్నది ఒకటే మందు. మూడుసార్లు పడింది’’ అన్నారు. ఏం పడిందో, సుమారు ఎంత పడిందో తెలియడం వల్ల ఏం చూడాలో వాళ్ళకు వెంటనే తెలిసింది. రాత్రంతా గుండె, ఊపిరి కనిపెట్టి చూశారు. తెల్లారి పదింటికి వాడు లేచి, ‘‘అమ్మమ్మా, బువ్వ’’ అన్నాడు. ఆ మాట విన్నాక వార్డు బయటికి వెళ్ళి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

డిశ్చార్జి రోజు డాక్టరు గారు ఓపికగా అన్నీ చెప్పారు. ఆ తర్వాత నేను కూడా అడిగి, చదివి తెలుసుకున్నాను. ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని, డాక్టరును కాదు. అందుకే ఎవరికి ఎంత పోయాలో నేను చెప్పబోవడం లేదు. పోసే ముందు తల్లులం ఏం చూసుకోవాలో మాత్రమే చెబుతాను.

అసలు అలర్జీ అంటే ఏమిటి?

దుమ్ము, పుప్పొడి, బూజు, పిల్లి బొచ్చు, కొన్ని తిండి పదార్థాలు, కందిరీగ కుట్టడం... ఇలాంటివి కొందరి ఒంటికి పడవు. అవి తగిలినప్పుడు మన ఒంట్లోనే హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, ఒంటి మీద దద్దుర్లు చాలావరకు దాని పనే. ఆ హిస్టమిన్‌ను అడ్డుకునే మందులే అలర్జీ మందులు. పాశ్చర్ సంస్థలో పనిచేసిన డేనియల్ బోవె అనే శాస్త్రవేత్త 1937లో ఇలాంటి మందుకు దారి వేశాడు. ఆయన చేసిన పరిశోధనలకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇవి నిన్న మొన్నటివి కావు, పనికిమాలినవీ కావు. అవసరమైన బిడ్డకు అవసరమైనంత వేస్తే నిజంగానే ఉపశమనం ఇస్తాయి.

అయితే తుమ్మిన ప్రతి బిడ్డకూ అలర్జీ ఉన్నట్టు కాదు. మిర్చి ఘాటుకు వచ్చే తుమ్మునే తీసుకోండి. మిరపకాయలోని కారం ముక్కు లోపలి నరాలను నేరుగా రేపుతుంది. తాలింపులో ఎండుమిర్చి మాడితే ఇంటిల్లిపాదీ తుమ్ముతాం కదా, అందరికీ అలర్జీ ఉన్నట్టా? మా మనవడికి కావలసింది సిరప్ కాదు, కల్లం నుంచి దూరంగా ఒక గది. ‘‘బిడ్డను అక్కణ్ణించి తీసుకెళ్ళి ముఖం కడిగితే సరిపోయేదమ్మా’’ అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మామూలు జలుబు సంగతీ అంతే. జలుబు వైరస్ వల్ల వస్తుంది. వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. అలర్జీ మందు పోసినంత మాత్రాన జలుబు తొందరగా తగ్గదు. తేడా ఎలా తెలుస్తుందంటారా? జలుబుతో జ్వరం, ఒళ్ళు నొప్పులు, గొంతు నొప్పి రావచ్చు. అలర్జీలో జ్వరం ఉండదు, దురద ఎక్కువ. ఇల్లు దులిపినప్పుడు, పత్తి తీసినప్పుడు, ఫలానా చోటికి వెళ్ళినప్పుడే మొదలవుతుంటే అలర్జీ అని అనుమానించి డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

పేర్లు పది, మందు ఒకటి

కూరగాయల బజారులో టమాటా ఎవరి బండి మీద ఉన్నా టమాటాయే. మందులు అలా కాదు. ఒకే మందును ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో, ఒక్కో రంగులో, ఒక్కో రుచిలో అమ్ముతుంది. మనం పెద్ద అక్షరాలతో ఉన్న పేరే చూస్తాం. చూడాల్సింది దాని కింద చీమల బారులా ఉన్న చిన్న అక్షరాలను.

మా రెండు సీసాల్లోనూ ఉన్నది క్లోర్‌ఫెనిరమిన్ మేలియేట్. దీన్నే కొందరు పొట్టిగా సి.పి.ఎం అని రాస్తారు. మా ఖమ్మం జిల్లాలో సి.పి.ఎం అంటే ఎర్రజెండా పార్టీయే గుర్తొస్తుంది గానీ, పిల్లల సిరప్‌లో కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది! జలుబు సిరప్‌లు, దగ్గు సిరప్‌లు, జ్వరం జలుబు రెండింటికీ అని అమ్మేవి, తుమ్ముల మందులు... వీటిలో చాలావాటిలో ఇది ఉంటుంది. అందుకే దగ్గుకు ఒకటి, జలుబుకు ఒకటి, అలర్జీకి ఒకటి పోస్తే బిడ్డకు ఒకే మందు రెండు మూడింతలు పడే ప్రమాదం ఉంది. జ్వరం మందు పారాసిటమాల్‌కూ ఇదే వర్తిస్తుంది.

అలర్జీ మందుల్లో రెండు రకాలు ఉన్నాయి.

పాతరకం: క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజైన్, హైడ్రాక్సిజైన్ వంటివి. ఇవి మెదడులోకి కూడా తేలిగ్గా చేరతాయి కాబట్టి మగత, నిద్ర ఎక్కువ. నోరు ఎండిపోతుంది. కొందరు పిల్లలు నిద్రపోవడానికి బదులు రెచ్చిపోయి రాత్రంతా ఏడుస్తారు కూడా.

కొత్తరకం: సిట్రిజిన్, లీవోసిట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటివి. వీటిలో మగత తక్కువ. అసలు ఉండదని కాదు, సిట్రిజిన్ వేస్తే కొందరు పిల్లలు తూగుతారు. ఇప్పుడు డాక్టర్లు అలర్జీ పిల్లలకు ఎక్కువగా ఈ రకమే రాస్తున్నారు.

పాతరకం అలర్జీ మందుల సీసాల మీద చిన్న అక్షరాలలో ఒక హెచ్చరిక ఉంటుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఈ మందు వాడడం ప్రమాదకరం అని దాని అర్థం. మనం అడగగానే చీటీ లేకుండా ఇచ్చేస్తున్నారు కదా అని అది పిప్పరమెంటు అయిపోదు.

ఎంత చిన్నపిల్లలకు వద్దు?

క్లోర్‌ఫెనిరమిన్‌తో పాటు ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్ అనే ఇంకో మందును కలిపి అమ్ముతుంటారు. ఈ జంట మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని, ఆ మాట లేబుల్ మీద అచ్చు వేయాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో కంపెనీలను ఆదేశించారు. మా మనవడికి అప్పుడు రెండున్నరేళ్ళేనని గుర్తుంచుకోండి.

2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ళు ఇంకో సలహా ఇచ్చారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దు, ఇవ్వవద్దు, అయిదేళ్ళ లోపు వాళ్ళకు కూడా సాధారణంగా అవసరం లేదు అని. అమెరికాలో 2008లోనే, షాపులో నేరుగా కొనే దగ్గు జలుబు మందులను రెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని హెచ్చరించారు. ఆ తర్వాత అక్కడి కంపెనీలు తామే నాలుగేళ్ళ లోపు వద్దని లేబుళ్ళ మీద వేసుకున్నాయి. ఇక ప్రోమెథజైన్‌ను రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు వాడకూడదు. ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు.

నిద్రపోయాడంటే తగ్గినట్టు కాదు

ఇది మన ఆడవాళ్ళం ఒప్పుకోవలసిన విషయం. బస్సు ప్రయాణానికి ముందు, పెళ్ళికి వెళ్ళే ముందు, మిర్చి ఏరడానికి పోయేటప్పుడు ‘పిల్లాడు కాసేపు పడుకుంటే బాగుండు’ అని ఒక మూత సిరప్ పోసేవాళ్ళు లేరా? ఉన్నారు. చంటిపిల్లతో పొద్దున్నుంచి రాత్రిదాకా ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఎవరినీ తప్పు పట్టను. కానీ మందు వల్ల వచ్చే మగత మామూలు నిద్ర కాదు. మోతాదు ఎక్కువైతే గుండె వేగం పెరగడం, ఒళ్ళు తూలడం, కంటిపాపలు పెద్దవి కావడం, మూత్రం బిగుసుకుపోవడం, ఫిట్స్ రావడం కూడా జరగవచ్చు. నిద్రపుచ్చడానికి ఏ సిరప్పూ వద్దు.

మీ వంటింటి చెంచా ఎంత?

మందు లెక్కలో ఒక టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. మరి మన ఇంట్లో చెంచా? ఆస్పత్రి నుంచి వచ్చాక సిరప్‌తో ఇచ్చిన కొలత మూతతో మా చెంచాల్లో నీళ్ళు కొలిచి చూశాను. టీ చెంచాలో 4 కూడా పట్టలేదు. ఆ రోజు నేను వాడిన పాయసం చెంచాలో 9 పట్టాయి! అంటే చెంచా చెంచాకూ దాదాపు రెండింతలు పోశానన్నమాట. మీరూ ఈ రోజే కొలిచి చూడండి, ఆశ్చర్యపోతారు. కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్కలు వేసి సర్దుకుంటాం. పొట్టలో పడ్డ మందును అలా సర్దుకోలేం.

కొలతకు సీసాతో వచ్చిన మూతనో, గీతలున్న సూది లేని సిరంజినో వాడండి. ఒక సీసా మూతను ఇంకో సీసాకు వాడకండి. చుక్కల మందుకూ సిరప్‌కూ తేడా తెలుసుకోండి. చుక్కల మందు చిక్కన, ఒక్క మిల్లీలీటరులోనే ఎక్కువ మందు ఉంటుంది. దాన్ని సిరప్ లెక్కన చెంచాతో పోస్తే కొంప మునుగుతుంది. ఇంకో మాట. పిల్లల మోతాదు వయసుతో పాటు బరువును బట్టి కూడా మారుతుంది. అన్నకు రాసింది తమ్ముడికి, పక్కింటి పాపకు రాసింది మన పాపకు పనికిరాదు.

సీసాలోనే విషం ఉంటే?

ఇంకో భయం కూడా ఉంది. అది మన చేతి తప్పు కాదు, తయారీలో తప్పు. సిరప్‌లో మందు కరగడానికి కొన్ని ద్రావకాలు కలుపుతారు. అవి శుద్ధమైనవి కాకపోతే డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషాలు కలిసే ప్రమాదం ఉంది. ఇవి తియ్యగానే ఉంటాయి కాబట్టి రుచిలో తేడా తెలియదు. మూత్రపిండాలు దెబ్బతింటాయి.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో జరిగింది అదే. కోల్డ్‌రిఫ్ అనే జలుబు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌ను పరీక్షిస్తే అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉందని తేలింది. పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్‌తో పాటు మనం చెప్పుకుంటున్న క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఆ సిరప్‌లో ఉండే మందే. మన తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం వాళ్ళు కూడా ఆ అక్టోబరులోనే ఆ బ్యాచి వాడవద్దని హెచ్చరించారు. మళ్ళీ 2026 జనవరిలో ఆల్మాంట్ కిడ్ అనే సిరప్‌లో ఒక బ్యాచిని వాడడం వెంటనే ఆపాలని అదే విభాగం ప్రకటించింది. అది బీహార్‌లో తయారైంది, ఇథిలీన్ గ్లైకాల్ కలిసిందని పరీక్షలో తేలింది. అది దగ్గు మందు కాదు. లీవోసిట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన పిల్లల అలర్జీ సిరప్.

దీనికి మనమేం చేయగలమంటారా? బిల్లు అడిగి తీసుకోవడం, సీసా మీది బ్యాచి నంబరు చెరిపేయకుండా ఉంచడం, బిడ్డకు నయమయ్యేదాకా సీసా పారేయకుండా ఉండడం మన చేతిలో పనులే. పేపర్లో ఫలానా బ్యాచి అని వస్తే సరిచూసుకోవచ్చు. అనుమానం ఉంటే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఉచిత నంబరు 1800-599-6969కు చెప్పవచ్చు. ఏ సిరప్ వాడుతున్నప్పుడైనా బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, ఆగినా, వాంతులు పట్టుకున్నా మందు ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అన్నింటికన్నా మేలైన జాగ్రత్త, అవసరం లేని సిరప్ ఇంటికి తేకపోవడమే.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యం వద్దు

పల్లీలు, గుడ్డు, రొయ్యలు లాంటివి తిన్నాక గానీ, కందిరీగ, తేనెటీగ కుట్టాక గానీ, ఏదైనా మందు వేసుకున్నాక గానీ పెదాలు, నాలుక, ముఖం వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడక పిల్లికూతలు వచ్చినా, దద్దుర్లతో పాటు వాంతులు అయినా, బిడ్డ సొమ్మసిల్లినా అది మామూలు అలర్జీ కాదు. అలర్జీ సిరప్ పోసి చూద్దామని కూర్చోకండి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షను, సిరప్ కాదు. 108కు ఫోన్ చేయండి, లేదా దగ్గరున్న ఆస్పత్రికి పరుగెత్తండి. మందు ఎక్కువ పడిందని అనుమానం వచ్చినా అంతే. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే పని పెట్టుకోకండి. సీసా పట్టుకుని వెళ్ళండి.

సిరప్ కన్నా ముందు చేయగలిగినవి

* మిర్చి, పత్తి, వడ్ల పని జరిగే చోటికి చంటిపిల్లలను తీసుకెళ్ళకండి. మీరు పని నుంచి రాగానే చీర మార్చుకుని, చేతులు ముఖం కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి. ఆ ధూళి మన కొంగులోనే ఇంటికి వస్తుంది.

* పిల్లలున్న గదిలో పొడి చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి.

* దోమల చక్రాల పొగ, సాంబ్రాణి, అగరుబత్తి పొగ, బీడీ సిగరెట్ పొగ పిల్లల ముక్కుకు పడవు. దోమతెర మేలు.

* వానలకు, వరదలకు తడిసిన గోడల మీద బూజు పడుతుంది. 2024 సెప్టెంబరులో ఆకేరు పొంగి మా మండలంలో రాకాసి తండా ఇళ్ళు మునిగిపోయిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. నీళ్ళు తీశాక గోడలు కడిగి, కిటికీలు తెరిచి బాగా ఆరనిచ్చాకే పిల్లలను ఆ గదుల్లో పడుకోబెట్టాలి.

* ముక్కు దిబ్బడకు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు మంచివి. పసిపిల్లల ముక్కులో నూనె, నీలగిరి తైలం వేయకండి. కర్పూరం కలిసిన బాములు రెండేళ్ళ లోపు పిల్లలకు రాయకండి. మరిగే నీళ్ళ గిన్నెతో ఆవిరి పట్టకండి, కాళ్ళ మీద ఒలికితే అది ఇంకో ప్రమాదం.

* ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వస్తే కొంచెం తేనె నాకించవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు.

* ఇన్ని చేసినా ఏటా అదే కాలంలో తుమ్ములు, దద్దుర్లు వస్తుంటే, రాత్రిళ్ళు దగ్గుతో ఆయాసం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. డాక్టరు రాసిన అలర్జీ మందును భయపడి మానేయడం కూడా తప్పే. రాసినన్ని రోజులు, రాసినంతే వేయండి.

మా ఇంటి క్యాలెండరు

ఆ సంఘటన తర్వాత కొన్నాళ్ళు మా అమ్మాయి నాతో పొడిపొడిగా మాట్లాడేది. నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఒకరోజు ఫోనులో తనే, ‘‘నేనూ పోసినగా అమ్మా, ఇద్దరం చెప్పుకోలేదు, అంతే’’ అంది. ఆలోచిస్తే అసలు తప్పు అక్కడే ఉంది. ఇంట్లో నలుగురం ఉన్నప్పుడు నలుగురికీ బిడ్డ మీద ప్రేమే. ఆ ప్రేమతోనే నలుగురూ తలా ఒక చెంచా పోస్తారు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉంది కదా, పిల్లలు వచ్చినప్పుడు అందులోనే మందు లెక్క కూడా రాస్తాం. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, ఎవరు పోశారు. రాయకుండా ఎవరూ పోయకూడదు. సీసా తెరిచిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ వేస్తాం. పిల్లాడికి తగ్గాక మిగిలింది వచ్చే ఏటికని దాచడం మానేశాం. సీసాలన్నీ పిల్లలకు అందని పై అరలోకి పోయాయి. తియ్యటి జ్యూస్ అని చెప్పి తాగించడమూ మానేశాం. అలా చెబితే మనం లేనప్పుడు వాళ్ళే తీసి తాగుతారు.

లేబుల్ మీద ఉన్నదంతా ఇంగ్లీషే కదా, మాకు ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. నిజమే, నాకూ మొదట్లో ఒక్కో అక్షరం కూడబలుక్కోవలసి వచ్చింది. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదువుతాను. చదవడం రానివాళ్ళు బడికెళ్ళే పిల్లలతో చదివించుకోండి. ఆశా కార్యకర్తను అడగండి. షాపులో అతన్నే, ‘‘ఇందులో ఏం మందు ఉంది నాయనా? మా పిల్లోడికి ఇన్నేళ్ళు, ఇంత బరువు, ఇంతకుముందు ఈ మందు పోశాం’’ అని మొహమాటపడకుండా అడగండి. చీర కొనేటప్పుడు అంచు తిప్పి, కొంగు విప్పి, దారం లాగి చూస్తాం. బిడ్డ నోట్లో పోసేదాన్ని అంతకన్నా ఎక్కువగా చూడవద్దా?

మొన్న మిర్చి కాలంలో మా మనవడు మళ్ళీ వచ్చాడు. వచ్చిన రోజే కల్లం వైపు పరుగెత్తి నాలుగు తుమ్ములు తుమ్మాడు. ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చి ముఖం కడిగి, చొక్కా మార్చి తలుపు వేశాను. అరగంటలో తుమ్ములు ఆగాయి. క్యాలెండరులో ఆ రోజు గడిలో పాల లెక్క తప్ప ఇంకేమీ రాయలేదు.